వినడంలో నాలుక వాటా

‘దండ’ అనే చిన్న మాటలోనే నాలుక కొస రెండు చోట్లకు పోతుంది. ‘ద’ దగ్గర పై పళ్ల వెనక తగులుతుంది. ‘డ’కొచ్చేసరికి పైకి మడుచుకుని అంగిలిని తాకుతుంది. వర్ణమాల కూర్చినవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. ట వర్గానికీ త వర్గానికీ వేరే వరసలు పెట్టారు. పలకడం వరకు సరే, వినడంలో నాలుకకేం పని?

వాంకూవర్‌లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన అలిసన్ బ్రూడరర్, జానెట్ వెర్కర్‌ల బృందం ఆరు నెలల పసివాళ్లకు హిందీ ‘ద’, ‘డ’లు వినిపించింది. అంతా ఇంగ్లిషు మాట్లాడే ఇళ్ల పిల్లలు. ఆ భాషకు ఈ తేడాతో పనే లేదు. అయినా ఆ వయసులో ఇలాంటి తేడాను ఇట్టే పడతారనీ, ఏడాది నిండేసరికి పోగొట్టుకుంటారనీ వెర్కర్ 1984లోనే చూపించారు. 2015 నాటి ఈ ప్రయోగంలో కొత్తగా చేసిందల్లా, పళ్లొచ్చే పిల్లలు కొరికే టీథర్‌ని నోట్లో పెట్టడం. బల్లపరుపుగా ఉండి నాలుక కొసను కదలనివ్వని రకం పెడితే పిల్లలు తేడా పట్టలేకపోయారు. చిగుళ్ల మధ్యే ఉండి నాలుకను దాని మానాన వదిలేసే రకం పెడితే మామూలుగానే పట్టారు. అప్పటికి వాళ్లకింకా మాటలే రావు!

ఇది చదివి టీథర్లు పారేయనక్కర్లేదు. అది నోట్లో ఉన్న కాసేపు జరిగిన సంగతే తప్ప, మాటలు ఆలస్యమవుతాయని ఆ పరిశోధన చెప్పలేదు.

నోరు వినికిడిని మార్చడంలో పెద్దవాళ్లూ మినహాయింపు కాదు. 2009లో తకయుకి ఇటో, డేవిడ్ ఆస్ట్రీల బృందం ఇంగ్లిషు ‘హెడ్’, ‘హ్యాడ్’లకు మధ్యస్థంగా ఉండే శబ్దాలు వినిపిస్తూ, ఓ యంత్రంతో మూతి పక్క చర్మాన్ని సాగదీసింది. పైకి లాగితే ‘హెడ్’ అనీ, కిందికి లాగితే ‘హ్యాడ్’ అనీ వినబడ్డం ఎక్కువైంది.

అలాగని చెవిని తక్కువ చేయడానికి లేదు. పుట్టినప్పటి నుంచీ మాట్లాడలేకపోయినా ఇతరుల మాటలన్నీ అర్థం చేసుకున్న ఓ కుర్రవాడి గురించి ఎరిక్ లెన్నెబర్గ్ 1962లోనే రాశారు. నాలుక సాయం చేస్తుందంతే.

ఆ సాయాన్ని మన బడుల్లో పెద్దగా వాడుకోరు. ‘కాకి’ని ‘తాతి’ అనే పిల్లాడి చేత అదే మాట పదిసార్లు గట్టిగా అనిపిస్తారు. స్పీచ్ థెరపిస్టులైతే అద్దం ముందు కూర్చోబెట్టి, నాలుక ఎక్కడ తగలాలో చూపిస్తారు. బడి ఈడు వచ్చాకా ఆ ముద్దుమాటలు పోకపోతే, ముందు వినికిడి పరీక్ష చేయించండి. అది బాగుంటే, తిట్టడం మాని అద్దం తీయండి.