బందరు నల్ల హల్వా, గంటల తరబడి తిప్పిన చేతులు

బందరు అనగానే అందరికీ లడ్డు గుర్తొస్తుంది. శనగపిండితో పూస వేసి, వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంలో మళ్లీ తొక్కి చుట్టే ఆ తొక్కుడు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సంతోషమే. నా ఓటు మాత్రం దాని పక్కనే పళ్లెంలో నల్లగా నిగనిగలాడే హల్వాకే.

ఈ విద్యను బుందేల్‌ఖండ్ నుంచి వలస వచ్చిన బొందిలీలు తెచ్చారని పెద్దలు చెబుతారు. అయి ఉండొచ్చు. కృష్ణా డెల్టా వరి నేల. ఇక్కడ గోధుమపాల మిఠాయి పుట్టిందంటే ఎవరో ఉత్తరాదివారి చేతి చలవే అయి ఉండాలి. చరిత్రకు అంత చాలు, పనితనం చూద్దాం.

గోధుమలు రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, పలచని గుడ్డలో పిండాలి. పిప్పిలో నీళ్లు పోసి రెండోసారి, మూడోసారి. ఆ పాలను కదపకుండా ఉంచితే చిక్కటివి అడుక్కు దిగుతాయి. పైకి తేలిన నీళ్లు వంపేయకపోతే హల్వాకు పులిసిన వాసన పడుతుంది. గోధుమలు ఒక పాలైతే బెల్లం రెండు పాళ్లు, నెయ్యి ఒక పాలు. బెల్లం కరిగించి, ఇసుక, నలుసులు పోయేలా వడకట్టి, పాకం తీగ సాగే వేళకు గోధుమపాలు సన్నధారగా పోయాలి. ఒక చేయి పోస్తుంటే రెండో చేయి తిప్పుతూనే ఉండాలి. ఆగిందా, ఉండలు కడుతుంది.

కాసేపటికి చిక్కబడి తెడ్డును పట్టుకుని మొండికేస్తుంది. కొత్తవాళ్లు ఉడికిందనుకుని ఇక్కడే దించేస్తారు. అసలు వంట అప్పుడే మొదలవుతుంది! సన్నని సెగ మీద గరిటెడు గరిటెడు నెయ్యి పోస్తూ, అడుగు గీరుతూ గంటల తరబడి తిప్పాలి. మొదట పోసిన నెయ్యినంతా తాగేస్తుంది. తేనె రంగు రాగి రంగులోకి, రాగి నలుపులోకి తిరుగుతుంది. చివరికి ముద్ద అంచులు వదిలి, తెడ్డు వెంట తిరుగుతూ, తాగిన నెయ్యిని వదలడం మొదలుపెడుతుంది. బెల్లం మాడబోయే ముందు వచ్చే ఆ సన్నని చేదే దీని ప్రాణం. వెంట్రుకవాసి ముందు దించితే వట్టి తీపి, వెంట్రుకవాసి ఆలస్యమైతే మాడు.

బందరులో మల్లయ్య, తాతారావు మిఠాయి దుకాణాల పేర్లు ఊరికే నిలబడలేదు. అనుభవం ఉన్న పనివాడికి గడియారం అక్కర్లేదు. తడి ఉన్నంతసేపు మూకుడులో బుడగ బరువుగా పగులుతుంది, తడి ఆరాక చిటపటమంటుంది. చెవితోనే పసిగడతాడు. చిటికెడు ముద్ద తీసి వేళ్ల మధ్య నలుపుతాడు. వేలికి నెయ్యి అంటాలి, హల్వా అంటకూడదు. ఎన్ని కొలతలు రాసిపెట్టినా ఆ వేళ్లు చేసే పని చేయలేవు.

ఇప్పుడు బస్సు దిగిన చోటల్లా "అసలైన బందరు హల్వా" బోర్డులే. లోపల ఉండేది కార్న్‌ఫ్లోరు, డాల్డా, రంగు. అరగంటలో దించేసిన ఆ జిగురుముద్దకు బందరు పేరు పెట్టడానికి నోరెలా వస్తుందో! తిన్నాక అంగిలికి కొవ్వు పట్టేస్తే అది డాల్డా. తెడ్డు పట్టి భుజాలు అరగదీసుకున్నవాళ్ల అన్నం మీద కొట్టే దొంగ సరుకది. అసలు వంటను కాపాడుకోవడం ఎలాగో చూడాలంటే, ఫ్రాన్స్‌లో లామోత్ బ్యువ్రాన్ అనే చిన్న ఊరుంది. పంచదార పాకంలో ఆపిల్ ముక్కలు మగ్గించి, పైన పిండి పరిచి కాల్చి, బోర్లించి వడ్డించే టార్ట్‌కు అది పేరుపడ్డ ఊరు. తాతెన్ అక్కచెల్లెళ్లు తమ హోటల్లో చేసిన ఆ వంటకాన్ని కల్తీ కానివ్వకుండా కాచుకోవడానికి అభిమానులు సంఘమే పెట్టుకున్నారు. మన హల్వా దానికేం తీసిపోయింది?

ఇంట్లో చేయాలనుకుంటే అడుగు మందంగా ఉన్న మూకుడు, మంచి గేదె నెయ్యి, తిప్పడానికి ఇద్దరు మనుషులు ఉంటే చాలు. నెయ్యి రాసిన పళ్లెం అడుగున జీడిపప్పు పరిచి, హల్వా పోసి, చల్లారాక బోర్లించండి. పప్పులన్నీ పైకొచ్చి ముచ్చటగా ఉంటుంది. కొనేవాళ్లు మాత్రం నెయ్యిదా, గోధుమపాలదా అని అడిగి కొనండి, ధర దగ్గర బేరమాడకండి. గుడివాడలోనైనా అవనిగడ్డలోనైనా ఈసారి ఆడపిల్ల సారెలో లడ్డు పక్కన రెండు కిలోలు అసలైన నల్ల హల్వా పెట్టించండి.