ప్రక్కవాద్యకారుడు వాగ్గేయకారుడైన విధము

ధనుర్మాసము వచ్చినదనిన మన చెన్నపట్టణమున కచేరి ప్రకటనలకు కొదువ యుండదు. వానిలో గాయకుని పేరు పెద్ద అక్షరములలో నుండును. దాని క్రింద చిన్న అక్షరములలో, ఫిడేలు ఫలానావారు, మృదంగము ఫలానావారు అని యుండును. చిన్న అక్షరములలోని ఆ పేరును గూర్చియే యీ వ్యాసము.

నేను ఈ నగరమున ఒక కార్యాలయములో ముప్పది యేండ్లకు పైగా గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి గొన్నవాడను. మెట్రిక్యులేషనుతో నా చదువు ముగిసినది. సంగీతశాస్త్రమున నాకు పాండిత్యము లేదు. చాలకాలపు వినికిడి మాత్రము కలదు. ఉత్తరమునకు చిత్తు వ్రాయువాడొకడు, దాని క్రింద సంతకము చేయువాడొకడు అను లోకరీతి నాకు బాగుగ తెలియును. అందుచేతనే కాబోలు, కచేరికి పోయినపుడెల్ల నా చూపు మొదటినుండియు ప్రక్కన కూర్చున్న వానిమీదనే నిలుచుచుండెడిది.

ఆ ప్రక్కవాని పని యెట్టిదో ఒక్కసారి తలచి చూడుడు. గాయకుడు రాగమాలపించునపుడు ప్రతి సంచారమును వెన్నంటి పోవలెను. ముందుకు పోరాదు, వెనుకబడరాదు. తన వంతు వచ్చినపుడు కొలది నిమిషములలో రాగస్వరూపమును చూపి ముగింపవలెను. కల్పనస్వరములలో గాయకుడేమి పాడునో ముందుగా తెలియదు. అయినను విన్న మరుక్షణమున దీటైన జవాబు చెప్పవలెను. గాయకుడు తడబడినపుడు ఆ లోపమును కప్పవలెను. తాను తడబడినచో కప్పువారు లేరు. ఇది నీడవంటి కొలువు. నీడకు తనదైన నడక యుండునా? ఉండునని నిరూపించిన వారొకరు మన నగరముననే జీవించిరి. వారే లాల్గుడి జయరామన్ గారు.

జయరామన్ గారు 1930వ సంవత్సరము సెప్టెంబరు 17న జన్మించిరి. తిరుచిరాపల్లి చెంతనున్న లాల్గుడి వారి వంశస్థానము. ఆ వంశమునకు చెందిన లాల్గుడి రామయ్యరు గారు త్యాగరాజస్వామికి ప్రత్యక్ష శిష్యులు. స్వామివారు లాల్గుడికి విచ్చేసి, అచటి సప్తర్షీశ్వరునిపైనను అమ్మవారిపైనను ఐదు కృతులు రచించిరి. వానినే లాల్గుడి పంచరత్నములందురు. జయరామన్ గారికి తండ్రి గోపాలయ్యరు గారే గురువు. ఇంటి మాట తమిళము. ఇంటి పాట తెలుగు. ఈ రెండును ఒక్క కప్పు క్రింద నెమ్మదిగా కాపురము చేసిన గృహమది. తరువాత చెప్పబోవు విషయమునకు ఇదియే పునాది గనుక పాఠకులు దీనిని గుర్తుంచుకొన ప్రార్థన.

పండ్రెండవ యేట వారు ప్రక్కవాద్యకారుడుగా వేదిక నెక్కిరి. తరువాత అరియక్కుడి రామానుజయ్యంగారు, శెమ్మంగుడి శ్రీనివాసయ్యరు, జి. ఎన్. బాలసుబ్రహ్మణ్యము, మధురై మణి అయ్యరు మొదలగు మహాగాయకులకు ఫిడేలు వాయించిరి. వీరిలో ఒకరి పోకడ మరొకరిది కాదు. అరియక్కుడివారి మధ్యమకాలపు సమత వేరు. బాలసుబ్రహ్మణ్యము గారి మెరుపు వేగము వేరు. మణి అయ్యరుగారి స్వరకల్పనలోని తీయదనము వేరు. గాయకునకు తన బాణి యొకటి తెలిసిన చాలును. ప్రక్కవాద్యకారునికి అందరి బాణీలును తెలియవలెను. తెలిసిన చాలదు, ఆ పూటకు అది తన బాణియే యనునట్లు వాయింపవలెను. పైకి చూచుటకు ఇది పరాధీనత. నా యెరుకలో ఇంతకు మించిన పాఠశాల లేదు. పదిమంది పెద్దల చిత్తులను సాఫు వ్రాసిన గుమాస్తాకు వాక్యమెచట మొదలిడవలెనో, ఎచట నిలుపవలెనో చేతికే తెలిసిపోవును.

మరొక విశేషమున్నది. జయరామన్ గారి ఫిడేలు పాడుచున్నట్లుండునని వినినవారెల్లరు చెప్పుదురు. దానికి కారణము కేవలము వ్రేళ్ల నేర్పు కాదు. సాహిత్యములో పదమెచట విరుగునో అచటనే కమానును మరల్చుట, పదము నడుమ దానిని తెంపకుండుట, ఇది వారి పద్ధతి. మాటలు లేని వాద్యముపై మాటలు వినిపింపవలెనన్న, వాయించువానికి ఆ మాటలు తెలిసి యుండవలెను గదా! కర్ణాటక సంగీతమున ఆ మాటలలో పెద్ద పాలు తెలుగు. కనుక తెలుగు వారికి పుస్తకమునుండి గాక కమానునుండి వచ్చినదనుట తప్పు కాదు.

ఫిడేలు మన సంగీతమున ప్రవేశించిన కథయు ఈ పట్టణమునకు చెందినదే. ముత్తుస్వామి దీక్షితుల సోదరులగు బాలుస్వామి దీక్షితులు చెన్నపట్టణము చెంతనున్న మణలిలో మొదలియార్ల ఆశ్రయమున నుండగా, దొరల బాండు వాద్యకారుని యొద్ద ఆ వాద్యమును నేర్చి మన రాగములకు లోబరచిరని పెద్దలు చెప్పుదురు. నాటినుండి అది గాత్రమునకు తోడుగనే యెక్కువగ నిలిచినది. తరువాతి కాలమున మన ద్వారం వెంకటస్వామినాయుడు గారివంటి మహనీయులు దానిని ఏకవాద్యముగ నిలిపి మెప్పించిరి. జయరామన్ గారును ఆ త్రోవను నడచిరి. 1966లో ఎన్. రమణి గారి వేణువును, ఆర్. వెంకటరామన్ గారి వీణను తన ఫిడేలుతో చేర్చి త్రివాద్య కచేరులు ప్రారంభించిరి. ముగ్గురిలో ఒకరు ముఖ్యులు, ఇద్దరు ప్రక్కవారు అను భేదము అందు లేదు. అంతకు ముందు సంవత్సరమే ఎడింబరో ఉత్సవమున వీరి వాద్యమును మెచ్చి యెహూదీ మెనుహిన్ తన ఇటలీదేశపు ఫిడేలును వీరికి బహూకరించెను.

ఇంతవరకు వాద్యకారుని కథ. వాగ్గేయకారుని కథ దీనికంటె గాఢమైనది.

జయరామన్ గారు కృతులును రచించిరి గాని, వారి కీర్తి వర్ణములమీదను తిల్లానాలమీదను నిలిచినది. వర్ణము కచేరికి మొదట పాడునది. తిల్లానా చివర పాడునది. ఈ రెండింటినే వీరేల అంతగా చేపట్టిరి? దీనికి నా మనసునకు తోచిన కారణమొకటి విన్నవింతును. కృతిలో నెరవు, స్వరకల్పన వచ్చినంతనే గాయకుడు ముందును, ఫిడేలు వెనుకను నడువవలెను. వర్ణమున అట్లు కాదు. పల్లవి, అనుపల్లవి, ముక్తాయిస్వరము, చరణము, చిట్టస్వరములు అన్నియు ముందే నిర్ణయింపబడినవి. ఇద్దరును ఒకే స్వరమును ఒకే క్షణమున పలుకుదురు. తిల్లానాయు అట్టిదే. అనగా కచేరి మొత్తమున ప్రక్కవాద్యకారుడు ఎవరి వెనుకను నడువని తావులు ముఖ్యముగా ఈ రెండే. జీవితమంతయు అనుసరించిన చేయి, అనుసరణ లేని రూపములనే తన రచనకు ఎన్నుకొన్నది! వారు ఉద్దేశించి చేసిరో లేదో నేననజాలను. ఫలము మాత్రము మన యెదుట నున్నది.

రాగముల యెంపికను చూడుడు. పచ్చిమిరియం ఆదియప్పయ్యగారి భైరవి అట తాళవర్ణము మొదలు వీణ కుప్పయ్యరు, పట్నం సుబ్రహ్మణ్యయ్యరు గారల వర్ణముల వరకు పెద్దలు ఎక్కువగ వ్యాప్తి గల రాగములకు వ్యాకరణము వ్రాసి పెట్టిరి. వర్ణమనగా రాగమునకు పెద్దబాలశిక్ష. నళినకాంతి రాగమన్నంతనే త్యాగరాజస్వామి కృతి యొకటియే చాలమందికి తలపునకు వచ్చెడిది. దానికి జయరామన్ గారు వర్ణము కూర్చిరి. గరుడధ్వనిలో ఆరోహణమున ఏడు స్వరములును శంకరాభరణమువలె వరుసగ వచ్చును. అవరోహణమున మోహనమువలె ఐదే యుండును. ఎక్కునపుడొక ముఖము, దిగునపుడు మరొక ముఖము. ఇట్టి రాగమున విస్తృతముగ సంచరించుట కష్టము. వీరు దానికిని వర్ణము వ్రాసిరి. రిషభ మధ్యమములు లేని వలజికిని వ్రాసిరి. ఇరుకు సందులవంటి రాగములలో బాలురు నడువదగిన బాట వేసిరన్నమాట.

తిల్లానాలలో మోహనకల్యాణి, వసంత, ద్విజావంతి మున్నగు రాగములలోనివి నేడు దేశదేశముల కచేరులలోను నాట్యవేదికలపైనను వినవచ్చుచున్నవి. వానిలో జతుల కూర్పు గణితమువలె చిక్కనైనను, వినువానికి లెక్క కనబడదు, పాటయే కనబడును. క్రమముగ వారి రచన విశాలమైనది. చారుకేశి పదవర్ణమును, తొమ్మిది రసములను తొమ్మిది రాగములలో కూర్చిన నవరస పదవర్ణమును నాట్యమునకు తమిళమున రచించిరి. 1994లో ‘జయ జయ దేవి’ నృత్యనాటకము అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున ప్రదర్శింపబడినది. ‘శృంగారం’ అను తమిళ చిత్రమునకు సంగీతము కూర్చి 2005 సంవత్సరపు జాతీయ పురస్కారమును పొందిరి. పద్మశ్రీ 1972లోను, పద్మభూషణ్ 2001లోను లభించినవి. 2013 ఏప్రిలు 22న ఈ నగరముననే కన్నుమూసిరి.

విమర్శ వ్రాయబూని మెచ్చుకోలు మాత్రమే చెప్పిన అది విమర్శ కాదు. వీరి తెలుగు వర్ణములలోని సాహిత్యమును విడిగ చదివినచో, అందు నూతన భావములు కనబడవు. దేవుని వేడుకొనుట, నాయకుని నిష్ఠురమాడుట, ఇవియే. మాటలు మితము; అవియును పూర్వులు వాడినవే. త్యాగరాజస్వామి కృతిలో ఇంటి తెలుగు జీవముతో తొణికిసలాడును. ఇందు ఆ పలుకుబడి లేదు. కొన్ని తిల్లానాల నడక కంఠముకంటె తంతులకే అనువైనదన్న మాటయు నిజమే. వీనిని నేను కాదనను. అయినను వర్ణమున మాట రాగమును మోయు పల్లకి. పల్లకిపై చెక్కడము లేదని నిందించుటకంటె, మోయబడిన విగ్రహము కదలకుండ వచ్చినదా యని చూచుట న్యాయము. అచ్చులు దీర్ఘమగు చోట రాగము నిలుచును. హల్లులు తగులు చోట తాళము నిలుచును. ఈ పొందికలో వారి తెలుగు ఎచటను తొట్రుపడలేదు.

ఇక నాకు నిద్రపట్టనీయని సంగతి యొకటి చెప్పి ముగింతును. నా మనుమరాలు ఇరుగుపొరుగున సంగీతము నేర్చుకొనుచున్నది. ఇంట తెలుగు మాటలాడును, చదువనేరదు. నళినకాంతి వర్ణమును ఆమె తమిళ లిపిలో వ్రాసికొనినది. ఆ లిపిలో క, గ లకు ఒకే అక్షరము. త, ద లకును ఒకే అక్షరము. కొన్ని పుస్తకములలో ప్రక్కన చిన్న అంకెలు వేసి భేదము చూపుదురు గాని పిల్లలు వానిని వదలివేయుదురు. ‘గతి’ అను మాటను ఆమె ‘గది’ యని పాడినది. దేవుడే దిక్కనవలసిన చోట దేవుని గది చేసినది! నేను నవ్వితిని. ఆమె నవ్వలేదు. “తాతయ్యా, అయితే సరిగా ఎలా రాయాలో నువ్వే రాసివ్వు” అన్నది.

వ్రాయుచుండగా నాకు సిగ్గు వేసినది. తరతరములుగ ఈ పట్టణమున తెలుగు మాటలాడిన కుటుంబము మాది. ఆ పిల్లకు అక్షరములు నేర్పుటకు నాకు తీరిక దొరకలేదు. ఇంట తమిళము పలికిన జయరామన్ గారికి మాత్రము వాద్యపు తీగపై తెలుగు పదమును విరుగకుండ నిలుపుటకు జీవితమంతయు తీరిక దొరికినది. వారిని తెలుగున వ్రాయుమని నిర్బంధించిన వారు లేరు. తమిళమున వ్రాయగలరు, వ్రాసిరి కూడ. ఆదియప్పయ్య, పట్నం సుబ్రహ్మణ్యయ్యరు గారల వలెనే, వర్ణమునకు తెలుగు తగునని తోచి తెలుగున వ్రాసిరి. ఇతరులు గౌరవించి నిలిపిన దానిని మనము ఇంటిదేగదా యని చేయిజార్చుకొనుచున్నాము. మన తెలుగును వారు ప్రక్కన కూర్చుండబెట్టలేదు. ఆ పని చేసినది మనమే.

ఆ రాత్రి వర్ణమును తెలుగక్షరములలో వ్రాసి ఇచ్చితిని. ‘గ’ వేరు, ‘క’ వేరు అని చూపితిని. వారమునకు నాలుగక్షరముల చొప్పున ఆమె నేర్చుకొనుచున్నది. ఈ సంచికను చదువు గృహస్థులలో సంగీతము నేర్చు పిల్లలున్న వారెందరో కలరు. వారి పుస్తకములను ఒకసారి తెరచి చూడుడని నా మనవి.