పేరిణి ఎవరి రచన?

శంషాబాద్ చుట్టుపక్కల ఇప్పుడు కళ అంటే స్వాగతమూ, బ్యాక్‌డ్రాపూ. అమ్మపల్లి గుడి గోపురం, కోనేరు చాలామందికి సినిమాల్లో చూసే తెలుసు. ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజుడు 2022లో వెలిశాడు. ఇక వేదికెక్కే పెద్దమనుషుల కోసం డప్పులు మోగాలంటే పేరిణి ఉండనే ఉంది. తెలంగాణ వచ్చాక ప్రభుత్వ వేడుకల్లో అది కనిపించడం మామూలైపోయింది. “కాకతీయుల కాలం నాటి వీరనాట్యం” అని యాంకర్ ఒక్క వాక్యం చదువుతుంది. ఆ వాక్యంలో నటరాజ రామకృష్ణ (1923–2011) ఉండరు.

నాకు అదే అభ్యంతరం. మనం చూస్తున్న పేరిణి పదమూడో శతాబ్దం నుంచి నేరుగా నడిచి రాలేదు. జాయప సేనాని నృత్తరత్నావళి ఉంది. దాన్ని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు తెలుగులోకి తెస్తే సంగీత నాటక అకాడమీ అచ్చేసింది. 1213 నాటి రామప్ప గుడి శిల్పాలున్నాయి. కానీ శిల్పం ఒక భంగిమ దగ్గర ఆగిపోతుంది. ఆ భంగిమలోకి ఎలా వచ్చారో, అందులోంచి ఎలా బయటికెళ్లారో రాయి చెప్పదు. ఆ మధ్య ఖాళీని నింపింది రామకృష్ణ గారి ఊహ. 1985 శివరాత్రికి రామప్ప దగ్గర జనం చూసింది చాలావరకు ఇరవయ్యో శతాబ్దపు రచన. అలా అంటే పేరిణి స్థాయి తగ్గదు, ఆయన స్థాయి పెరుగుతుంది.

ఆంధ్రనాట్యం కథ దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. అక్కడ రాయి కాదు, మనుషులున్నారు. గోదావరి జిల్లాల్లో గుళ్లలో, మేజువాణీల్లో ఆడిన కళావంతుల స్త్రీలు. 1947 మద్రాసు చట్టం వచ్చాక వాళ్ల ఆట ఆగింది. ఆటతో పాటు గౌరవమూ, బతుకుదెరువూ పోయాయి. నాట్యం అంటేనే పరువు తక్కువ అనుకునే రోజుల్లో రామకృష్ణ వాళ్లను గురువులుగా చూశారు, వాళ్ల దగ్గర నేర్చుకున్నారు, వేదికల మీదికి తెచ్చారు. ఒక కళా నిర్వాహకుడు చేయగల అతి పెద్ద పని ఇదే అనుకుంటాను. తప్పెటగుళ్లు, గరగలు, ఉరుములు, చిందు భాగవతం లాంటి వాటి కోసమూ ఆయన అంతే తిరిగారు.

అయితే “ఆంధ్రనాట్యం” అని పేరు పెట్టగానే కళ రాష్ట్రానిదైంది, ఆడవాళ్ల ఇంటిపేర్లు మాత్రం పక్కకు జరిగాయి. ఆయన శిష్యుల్లో బాగా పేరొచ్చిన కళాకృష్ణ సత్యభామ వేషంతో మెప్పించిన పురుషుడు. గొప్ప నటుడే, అందులో సందేహం లేదు. కానీ స్త్రీలు దాచుకున్న నవజనార్దనం ఒక మగవాడి ఒంటి మీదుగా అందరికీ తెలియడం చిన్న విషయమేమీ కాదు. తర్వాత స్వప్నసుందరి అదే సంప్రదాయాన్ని విలాసినీ నాట్యం అన్నారు. ఆ పేరు పెట్టింది ఆరుద్ర. పేర్లు మారుతున్నాయి గానీ, పేరు పెట్టే హక్కు మాత్రం కళావంతుల చేతికి రాలేదు.

రామకృష్ణ అధ్యక్షుడిగా పనిచేసిన అకాడమీ 1983లో మిగతా అకాడమీలతో పాటు రద్దయింది. ఆఫీసు పోయినా ఆయన పాఠం ఆగలేదు. శిష్యులున్నారు, పుస్తకాలున్నాయి. ఈసారి యాంకర్ ఆ ఒక్క వాక్యం చదివేటప్పుడు రామకృష్ణ పేరు చేర్చాలి. ఆంధ్రనాట్యం ఆడితే, సారిదె మాణిక్యాంబ లాంటి వాళ్ల పేర్లూ చదవాలి. ఎంతసేపు పడుతుంది, అర నిమిషం.