ఊరు పోయినవాళ్ల కథ ఎలా చెప్పాలి

దొనకొండ, మార్కాపురం, గిద్దలూరు వైపు ఊరు విడవడం కొత్తేమీ కాదు. వానలు మొహం చాటేసిన ఏడాది ముసలివాళ్లను ఇంటికి కాపలా ఉంచి, వయసులో ఉన్నవాళ్లు కూలి దొరికేచోటికి పోతారు. వాళ్లకు తిరిగొచ్చే దారి ఉంటుంది. వెలిగొండ ప్రాజెక్టు కింద సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల నడుమ గండ్లు మూసి కట్టిన నల్లమల సాగర్ జలాశయం ముంపు ఊళ్లవాళ్లకు ఆ దారి కూడా ఉండదు.

యుద్ధం తరిమినవాళ్లు కాందిశీకులు, ప్రాజెక్టు లేపినవాళ్లు నిర్వాసితులు. ఇద్దరి బాధా ఒకటేనని చెప్పలేం. కథకుడికి మాత్రం చిక్కు ఒకటే. వేలమంది కష్టాన్ని నాలుగు పేజీల్లో చెప్పాలి, చదివేవాడు ‘అయ్యో పాపం’ అనేసి పేజీ తిప్పేయకూడదు. ఈ చిక్కును గెలిచిన కథలన్నిటా కథకుడు గొంతు పెంచడు. ఏడుపు పాఠకుడికే వదిలేస్తాడు.

1948లో బొంబాయి వదిలి లాహోరు చేరిన ఉర్దూ కథకుడు మంటో రాసిన ‘టోబా టేక్ సింగ్’ చూడండి. దేశ విభజన తర్వాత భారత్, పాకిస్తాన్‌లు పిచ్చాసుపత్రుల్లోని రోగులను మార్చుకోవడం ఇతివృత్తం. కథనం సర్కారు ఉత్తరంలా పొడిపొడిగా నడుస్తుంది. పదిహేనేళ్లుగా పడుకోకుండా నిలబడే ఉన్న బిషన్ సింగ్, తన ఊరు టోబా టేక్ సింగ్ ఏ దేశంలోకి పోయిందని అందరినీ అడుగుతాడు. ఎవరూ తేల్చి చెప్పరు. అతన్ని అందరూ ఆ ఊరి పేరుతోనే పిలుస్తారు. ఊళ్లను ఇంటిపేర్లుగా మోసే మనకు ఆ దెబ్బ ఎక్కడ తగులుతుందో వేరే చెప్పాలా?

1948లో పన్నెండేళ్ల వయసులో పాలస్తీనా విడిచిన ఘసాన్ కనఫానీ మరో పద్ధతి పట్టాడు. నారింజల మీద రాసిన కథను పిల్లవాడి చూపులోంచి, తన ఈడు స్నేహితుడితో చెబుతున్నట్టు నడిపాడు. సామాన్లతో పోతున్న లారీ దారిలో ఆగుతుంది. ఆడవాళ్లు దిగి ఒక రైతు దగ్గర నారింజలు కొంటారు. తోటలు పోగొట్టుకున్న పెద్దమనిషి ఒక పండు చేతిలోకి తీసుకుని, చూసి చూసి, చిన్నపిల్లాడిలా ఏడుస్తాడు. పిల్లవాడికి రాజకీయం తెలియదు, పెద్దలు ఏడవడం తెలుసు. అందుకే అక్కడ వివరణ ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

ఈ రెండు పద్ధతులకూ మన మార్కాపురం వైపు ముడిసరుకు బోలెడుంది. పరిహారం జాబితాలో ఇంటికీ బావికీ చింతచెట్టుకూ విలువ కడతారు. ఆ చెట్టు కింద తేలిన తగువులకు గడి ఉండదు. 2013 భూసేకరణ చట్టం మేజరైన ప్రతి మనిషినీ విడి కుటుంబంగా లెక్కిస్తుంది. అంటే ఒకే పొయ్యి కూడు తిన్న అన్నదమ్ముల్లో ఒకడు కుటుంబం, నిరుటి దాకా నిక్కర్లేసుకున్న, ఇంకా మేజరు కాని తమ్ముడు కాదు. ఆ జాబితాను మంటోలా పొడిగా చదివించినా, తమ్ముడి నోట చెప్పించినా కథ అవుతుంది. ‘హృదయవిదారకం’ లాంటి మాటలు కొట్టేసి, నల్లమల అంచు యాసను ఉన్నదున్నట్టు రానిస్తే చాలు.