మసక వెలుగులో రైలుబండి

భారతదేశపు గడియారములన్నియు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును బట్టి నడుచుచుండగా, కలకత్తా మహానగరము ఆ రేఖకు దాదాపు ఆరు డిగ్రీలు తూర్పుగా నెలకొనియుండుటచేత, అక్కడి సూర్యుడు గడియారముకంటె 23 నిమిషములు ముందుగానే తన పని ముగించుకొని పోవును. డిసెంబరు మాసమున అయిదు గంటలు కొట్టకమునుపే అస్తమయమగును. కర్కటరేఖకు చేరువనున్న ఊరగుటచే సంధ్యయు చిరకాలము నిలువదు. ఆఫీసులు విడిచి జనసముద్రము హౌరా, సియాల్దా స్టేషనులవైపు పొంగునది ఆ తరువాతనే. కావున ఈ నగరమున రైలును దాని నిజమైన సందడితో చిత్రింపగోరువాడు చీకటితో సంధి చేసికొనక తప్పదు.

కలకత్తాలో రైలును ఛాయాగ్రహణమును ఇంచుమించు ఒక్క కాలమున వేళ్లూనినవి: హౌరానుండి హుగ్లీకి మొదటి బండి 1854 ఆగస్టు 15న కదలగా, బెంగాలు ఫొటోగ్రాఫిక్ సొసైటీ 1856లో వెలసినది. అయినను నాటి గాజుపలకలు పట్టపగలైనను సెకనులకొలది వెలుగు సోకనిదే బింబమును పట్టియిచ్చునవి కావు గనుక, నడచుచున్న రైలు, అందును రాత్రి నడచు రైలు, ఆనాటివారికి అందని వస్తువు. శతాబ్దము గడచిన పిమ్మట, 1955 మొదలు 1960 వరకు, విన్‌స్టన్ లింక్ అను అమెరికా ఛాయాగ్రాహకుడు, నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వేవారి ఆవిరియింజనులు కనుమరుగగుటకు మునుపు వానిని రాత్రివేళ చిత్రింపదలచి, పట్టాల ప్రక్కన ఫ్లాష్ బల్బులను వరుసలుగా తీగలతో కలిపి, అన్నియు ఒక్క క్షణమున వెలుగునట్లు అమర్చి, లోయలనే పగలుచేసి చూపెను. అది మహాసాధన, కాని తన వెలుగును తానే మోసికొనివచ్చువాని మార్గము. ఆ సంవత్సరములలోనే కలకత్తాలో సినీ ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర, సత్యజిత్ రాయ్ గారి 1956నాటి చలనచిత్రము ‘అపరాజితో’ కొరకు కాశీలోని ఇంటి ముంగిట పడు నీడపట్టు వెలుగును స్టూడియోలో కల్పింపవలసివచ్చినప్పుడు, దీపములను నేరుగా నటులపై వేయక తెల్లని గుడ్డపై పడవేసి, తిరిగివచ్చు మెత్తని కాంతితో చిత్రించెను. చోటుకు సహజమైన వెలుగు చెడరాదన్న ఆ పట్టుదలచేత, నా మతమున, రైలు ఛాయాగ్రాహకునకు గురువనదగినవాడు లింక్ కాడు, మిత్రయే. ఇంతకును, ఎదురుగా వచ్చు బండి డ్రైవరు కన్నులలోనికి ఫ్లాష్ కొట్టుట అపాయకరము. ఎన్నడును చేయరాని పని.

డిజిటల్ కెమెరా వచ్చిన తరువాత ఫిల్మునాటి ఒక చిక్కు తీరినది: దీర్ఘకాలము షటరు తెరచియుంచినచో ఫిల్ము తన చురుకుదనమును కోల్పోవుచుండెడిది, సెన్సారుకు ఆ జబ్బు లేదు. అయితే కాంతి స్వభావము మాత్రము మారలేదు. కాంతి కణములుగా వచ్చును గనుక, సెన్సారులోని ఒక గడిపై సగటున 100 కణములు పడుచోట పదిమేరకు హెచ్చుతగ్గులుండును, అనగా నూటికి పది. 10,000 పడుచోట హెచ్చుతగ్గులు నూరు, అనగా నూటికి ఒకటి. చీకటిపట్టున కనబడు మచ్చలపొడి, ఫొటోగ్రాఫర్లు నాయిస్ అని వ్యవహరించునది, చాలవరకు ఈ లెక్కనుండి పుట్టినదే కాని కెమెరా దోషము కాదు. పట్టిన వెలుగును హెచ్చించి చూపు ఐ.ఎస్.ఓ. సంఖ్యను 400నుండి 6400కు పెంచుట పాలలో నీరు కలిపి చెంబు నింపుట వంటిది. చెంబు నిండును, పాలు పెరుగవు. అట్లని భయపడి షటరును మరీ నెమ్మదించి, చెదరిన బింబమును ఇంటికి తెచ్చుకొనుట అంతకంటె అవివేకము. మచ్చలను కన్ను క్షమించును, చెదరిన ముఖములను క్షమింపదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు బండి సెకనుకు 16 మీటర్లకు పైగా సాగును. షటరు సెకనులో 60వ వంతు తెరచియున్నచో ఆలోపల అది 28 సెంటీమీటర్లు జరుగును, 500వ వంతైనచో మూడు సెంటీమీటర్లకు కొంచెము పైన. రాత్రి స్టేషనులో 500వ వంతుకు తగిన వెలుగు దొరకుట అరుదు గనుక, బండియే నిదానించు చోటును వెదకికొనవలయును; ఈ విద్యలో సగము రైల్వే పరిజ్ఞానమే. నడిరేయి సమీపించుచుండగా హౌరానుండి బయలుదేరి విశాఖపట్టణము, విజయవాడల మీదుగా పోవు మద్రాసు మెయిలు, మన తెలుగువారెందరికో తెలిసిన బండి, ప్లాట్‌ఫారము వీడు మొదటి క్షణములలో మనిషి నడకను మించదు, ఎపర్చరు 2.8, ఐ.ఎస్.ఓ. 1600 ఉన్నచో 60వ వంతుతో కిటికీ దగ్గరి ముఖములు కూడ నిలుచును. అడ్డముగా పోవు బండికంటె ఎదురుగా వచ్చు బండి బింబము తక్కువగా జరుగును. కాని అప్పుడు హెడ్‌లైటు కెమెరాలోని వెలుగుకొలతను మోసగించి తక్కినదంతయు మసిచేయును. దీపము కొంచెము ప్రక్కకు తిరుగు వంపులో నిలుచుట, లేదా కొలతను ముందే ప్లాట్‌ఫారముపై చూచికొని మాన్యువల్‌గా స్థిరపరచుట ఇందుకు ఉపాయములు. జనసమ్మర్దమున ట్రైపాడ్ పరచుట తోటివారికి ద్రోహము. స్తంభమునకు వీపు చేరవేసి ఊపిరి బిగబట్టిన చాలును.

ఎల్.ఇ.డి. దీపములు కొత్త తంటా తెచ్చినవి. లోకల్ రైలు నుదుటనుండు గమ్యస్థానపు బోర్డులో చుక్కలన్నియు ఒక్కసారి వెలుగవు. వంతులవారీగా అతివేగముగా వెలిగి ఆరుచుండును. కంటికి అక్షరము పూర్ణముగా కనబడినను, వేగపు షటరుకు సగము ముక్కయే చిక్కును. 60వ వంతుకు దిగివచ్చినచో తరచుగా పేరు నిండుగా వచ్చును. మన కరెంటు 50 సైకిళ్లది గనుక ప్లాట్‌ఫారము దీపములలో పెక్కు సెకనుకు 100 మార్లు మినుకుమనును. నిశ్శబ్దపు ఎలక్ట్రానిక్ షటరు వాడినచో ఆ మినుకు చిత్రమంతట అడ్డపట్టీలుగా దిగును.

నదీతీరమున పోవు సర్క్యులర్ రైలు ఈ సాధనకు అనువైన దారి. ప్రిన్సెప్ ఘాట్‌నుండి ఉత్తరముగా సాగి, 1943నాటి హౌరా వంతెన అడుగున, మల్లిక్ ఘాట్ పూలబజారు నానుకొని పోవును; బంతిపూల గుట్టల ప్రక్క బల్బు వెలుగులో లోకల్ రైలు సాగుచుండగా, చిత్రమునకు కావలసినదంతయు బజారే సమకూర్చును. ఇక్కడ 15వ వంతు షటరుతో బండిని గీతలుగా సాగనిచ్చి, కదలక కూర్చున్న పూలమ్మివానిపై దృష్టి నిలుపుట నాకు అన్నిటికంటె నచ్చిన పద్ధతి. పట్టాలపై నిలిచి తీయువారిని చూచి అనుకరింపరాదు.

2024 మార్చిలో మొదలైన నదిక్రింది మెట్రోలో వెలుగు పుష్కలమే గాని ప్లాట్‌ఫారము అంచున గాజుతలుపులున్నవి. లెన్సును అద్దమునకు తాకించి తీయనిదే ప్రతిబింబములు పోవు. అక్కడ చిత్రములు తీయుటకు అనుమతి విషయము ముందుగా విచారించుకొనుట మేలు. ట్రాముల సంగతి వేరు. 1902నుండి కరెంటుతో నడచుచున్న ఆ బండ్లను మైదానపు మార్గమొక్కటి మినహా నిలిపివేయుదుమని 2024లో ప్రభుత్వము ప్రకటించినది గనుక, నేడు రాత్రి తీసిన ట్రాము చిత్రమునకు దస్తావేజు విలువ కూడ కలదు. మందగమనమగుటచే కెమెరాను బండితోపాటు త్రిప్పుచు తీయు పానింగును అభ్యసింపదలచువారికి ట్రామును మించిన గురువు లేదు.

ఇంటికి వచ్చిన పిదప, సెన్సారు పట్టినదానిని ఉన్నదున్నట్లు దాచు ‘రా’ ఫైలును కంప్యూటరుపై తెరచి నీడలన్నిటిని పైకిలాగి పట్టపగలు చేయువారు కలరు. నేటి యంత్రములకది సులభము. కాని షెడ్డు కప్పు నల్లగనే ఉండనిచ్చి, దీపముక్రింది మూటను కూలీ భుజమును మాత్రము తేర్చినచో రాత్రి రాత్రిగనే మిగులును. సెల్‌ఫోనులోని నైట్‌మోడ్ పెక్కు చిత్రములను ఒకదానిపై నొకటి పేర్చి వెలుగును కూడబెట్టును గనుక, కదలు బండి అందులో దయ్యమువలె చీలిపోవును. ఫోను చేతనున్నవారు ఆగియున్న బండినే ఎంచుకొనవలయును. పెక్కు ప్లాట్‌ఫారములున్న హౌరాలో అట్టిది దొరకకపోదు.