జపాను బొమ్మకథలు, వంగదేశపు చెవి

జపాను కళ కలకత్తాకు కొత్తది కాదు. 1902లో ఒకాకురా కాకుజో ఆ నగరానికి వచ్చి ఠాకూరుల కుటుంబానికి ఆప్తుడయినాడు. మరుసటి ఏడు తైకాన్, హిషిదా అనే చిత్రకారులు వచ్చినారు. వారి చేతిపనిలో చూచినదానిని అవనీంద్రనాథుడు తన ‘వాష్’ పద్ధతిలోనికి మలచుకొన్నాడు. రవీంద్రుడు 1916లో జపాను వెళ్ళి, ఆ అనుభవాలను చెప్పిన ‘జపాన్ యాత్రి’లో బాషో కవితను వంగభాషలో నిలిపినాడు. పాత కొలను, కప్ప దూకుడు, నీటి చప్పుడు, కవిత అంతే. జపాను ఆనాడు వంగపాఠకుని వద్దకు అతని భాషలోనే నడచివచ్చినది.

ఈనాటి కోల్‌కతా బాలునికి అదే జపాను బుల్లితెరపై చాలవరకు హిందీలో వినిపించుచున్నది. 1969 చివర పత్రికలలో పుట్టిన ‘డోరేమాన్’ 2005లో హంగామా ఛానెల్ ద్వారా హిందీ మాటలతో మన దేశపు ఇండ్లలో ప్రవేశించినది. ఇందులో హిందీని నిందింపవలసినది ఏమియు లేదు. జపానులో 1989లో తయారయిన ‘జంగిల్ బుక్’ ధారావాహికను దూరదర్శన్ ప్రసారం చేసినప్పుడు గుల్జార్ పాట, విశాల్ భరద్వాజ్ సంగీతం దానికి మూలంలో లేని ప్రాణమొకటి పోసినవి. మంచి అనువాదకుడు మూలానికి ఋణపడుటే కాదు, ఒక్కొక్కప్పుడు అప్పు కూడా ఇచ్చును.

చిక్కు మరొకచోట ఉన్నది. డోరేమాన్‌కు ప్రాణమయిన తినుబండారం దొరయాకి. రెండు మెత్తని అట్ల నడుమ తియ్యని చిక్కుడుగింజల ముద్ద. హిందీ పాఠంలో అది ‘డోరా కేక్’ అయినది. అది జపానూ కాదు, హిందీయూ కాదు. బొబ్బట్టులో పూర్ణమెరిగిన తెలుగువానికి, పాటిసాప్టా ఎరిగిన వంగబాలునికి ఈ ‘కేక్’ ఏమి రుచి చూపగలదు?

సంబోధనల సంగతి ఇంతకంటె సున్నితమైనది. నోబితా తన్ను ‘బొకు’ అనుకొనును. దుడుకువాడైన జియాన్ ‘ఒరె’ అనును. (మన ‘ఒరే’కు దానికి చుట్టరికం లేదు గాని, పొగరు ఒక్కటే!) హిందీ ‘మై’, వంగ ‘ఆమి’, తెలుగు ‘నేను’, మూడూ ఇక్కడ చేతులెత్తినవి. ఆ తేడాను క్రియలోనో, పిలుపులోనో రాబట్టవలసినదే. పెదవుల కదలికకు మాట కొలత సరిపోవలెననే నిర్బంధమూ ఉన్నది. హిందీలోనూ ‘తూ, తుమ్, ఆప్’ ఉన్నమాట నిజమే. అయినను వంగబాలుడు స్నేహితునితో కలహించునది ‘తుయ్’ అనే మాటతో. ఆ వేడి అతనికి ఇంటినుండి వచ్చినది, తెరనుండి కాదు.

ఢాకా ఈ సంగతిని వేరొకవిధంగా గ్రహించినది. పిల్లలు హిందీ పలుకుచున్నారని 2013లో బంగ్లాదేశ్ ప్రభుత్వం హిందీ డోరేమాన్‌ను ఆపించినది. తరువాత అక్కడ వంగానువాదం ప్రసారమయినది. నిషేధం మొరటు సాధనమే, కాని దాని వెనుక ఉన్న బాధ మొరటుది కాదు.

మనకు ఆ కొరత లేదు. 2023లో క్రంచిరోల్ తమిళ, తెలుగు అనువాదాలను ప్రకటించినది. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్’ చిత్రం భారతదేశంలో జపనీసు, ఆంగ్ల, హిందీ, తమిళ, తెలుగు భాషలలో విడుదలయినది. బాషోను తనదిగా చేసుకొన్న భాష ఆ జాబితాలో లేదు. ఉన్న తెలుగునైనా, మన విమర్శకులు శరత్ అనువాదాలను తూచిన తక్కెడలో ఇంకను తూచలేదు.