చెవితో వెతికే పిట్ట

సూళ్లూరుపేట పక్షుల పండగ గురించి వేరే చెప్పక్కర్లేదు. 2001లో మొదలైన ఫ్లెమింగో ఫెస్టివల్‌కు పిల్లాజెల్లాతో జనం తరలివస్తారు. పులికాట్ నీళ్లలో రాజహంసలు, నేలపట్టు చెరువులో గూడబాతులు. చూడాల్సిన దృశ్యాలే. నీళ్లలో నిలిచిన కడప చెట్ల మీద గూడబాతు పిల్ల తల్లి గొంతుసంచిలోకి తలంతా దూర్చి చేపలు లాగుతుంటే, తల్లిని మింగేస్తోందేమోనన్న భయం వేస్తుంది. పక్క కొమ్మ మీద నత్తగుల్ల కొంగ ఉంటుంది. అది ముక్కు మూసుకున్నా మధ్యలో సందు మిగులుతుంది. గూట్లో ఉన్న పిల్లకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. చాలాసార్లు గుల్లను పగలగొట్టకుండానే లోపలి నత్తను బయటికి లాగేంత నేర్పు ఆ ముక్కుది.

ఇవన్నీ కంటికి దొరికే పక్షులు. పెద్దవి, గుంపులుగా ఉంటాయి, బైటపడి తిరుగుతాయి. తిరుపతి, చిత్తూరు కొండల తీరు వేరు. ఇక్కడ పిట్టను వెతకాల్సింది చెవితో.

అందుకు కొండ పికిలినే తీసుకోవాలి. పసుపు గొంతు పికిలిపిట్ట అని కూడా అనొచ్చు. లోకం మొత్తం మీద దక్షిణ భారతంలోని రాతిగుట్టల్లో తప్ప ఇది మరెక్కడా లేదు. హార్స్‌లీ హిల్స్, నగరి కొండలు, శేషాచలం లోయలు దాని సొంత చోట్లు. నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన థామస్ జెర్డన్ 1845లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. బతికి ఉండటానికి దీనికి కావలసినవి చాలా కొద్ది: పెద్ద పెద్ద బండలు, వాటి సందుల్లో మొలిచిన పొదలు, జువ్వి లాంటి చెట్ల పండ్లు, కాసిని పురుగులు, ఎండాకాలంలో రాతి చెలమల్లో ఊరే నీళ్లు. బండలు లేని చోట, అడవి ఎంత పచ్చగా ఉన్నా, అది కాపురం పెట్టదు.

పైగా మహా సిగ్గరి. మనిషి అలికిడికి పొదలోకి జారిపోతుంది. కొమ్మ చివర కూర్చుని పాడే రకం కాదు.

కాబట్టి ముందు కూత వినబడాలి. చిక్కంతా అక్కడే ఉంది. అదే కొండ మీద, అవే పొదల్లో దాని దాయాది పొద పికిలి కూడా ఉంటుంది. అది ఉన్నట్టుండి గలగలమని నాలుగు మాటలు కక్కేసి, అంతే హఠాత్తుగా నోరు మూసేస్తుంది. కొండ పికిలి కూత కూడా దాదాపు ఆ బాణీలోనే ఉంటుంది. కొత్తవాళ్లకే కాదు, ఏళ్ల తరబడి తిరిగినవాళ్లకూ తేడా తెలియడం కష్టం. పొద పికిలి పల్లెల చుట్టూ ఉన్న కంపల్లోనూ బతుకుతుంది గనక, కూత రాతిచరియ మీంచి వచ్చిందా, దిగువ తుప్పల్లోంచి వచ్చిందా అన్నది మొదటి ఆనవాలు. ఆ తర్వాత చేసేదల్లా ఆ పొద మీద చూపు నిలిపి కదలకుండా కూర్చోవడమే. ఎప్పటికో ఆకుల మధ్య ఒక తల బయటికొస్తుంది. కంటి పైన కనుబొమలా తెల్లగీత ఉంటే అది పొద పికిలి. గీత లేకుండా తల పసుపు కలిసిన పచ్చగా, గొంతు నిండు పసుపుగా ఉంటే వెతుకుతున్న పిట్ట దొరికినట్టే. తోక కింది పసుపును నమ్ముకోకూడదు, అది రెండింటికీ ఉంటుంది.

ఈ కొండల్లో చెవికి పని చెప్పే పక్షులు ఇంకా ఉన్నాయి. చలికాలానికి ఉత్తరాది నుంచి దిగివచ్చే పొన్నంగి పిట్ట ఒంటి నిండా రంగులే అయినా, నేల మీద ఎండుటాకులు తిరగేస్తూ నీడలో కలిసిపోతుంది. తెల్లవారుజామునా, పొద్దుగూకేవేళా వేసే రెండు విరుపుల ఈలే దాని జాడ చెబుతుంది. సరిహద్దు దాటితే తమిళులు దాన్ని ఆరుమణి కురువి, అంటే ఆరు గంటల పిట్ట అంటారు. రాళ్ల మధ్య తిరిగే జిట్టకోడి మనిషిని చూస్తే ఎగరదు, పరుగు లంకించుకుంటుంది. ఎండుటాకుల చప్పుడు వినబడిందంటే అది అప్పటికే బండ చాటుకు చేరిపోయి ఉంటుంది. తిరుపతిలోని సైన్స్ విద్యాసంస్థ ఐసర్‌లో వి.వి. రాబిన్ బృందం పక్షుల పాటల మీద పరిశోధనలు చేస్తోంది. వినడం అన్నది ప్రయోగశాల దాకా వెళ్లిన విద్య.

అయితే అది అక్కడ పుట్టిన విద్య కాదు. పక్కనున్న కడప జిల్లా కలివి కోడి కథే తీసుకోండి. 1900 తర్వాత తమ కంటబడని ఆ రాత్రి పక్షి అంతరించిపోయిందనే శాస్త్రవేత్తలు అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ ఊరూరా తిరిగి, బొమ్మలు చూపించి అడిగితే, 1986లో రెడ్డిపల్లి దగ్గర ఒక స్థానిక వేటగాడు దాన్ని పట్టి చూపించాడు. పుస్తకం పోయిందన్న పిట్ట, తుప్పల్లో రాత్రుళ్లు తిరిగిన మనిషికి తెలిసిన పిట్టే.

ఈ విద్యను పద్ధతిగా పిల్లలకు నేర్పిన చోటు మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ బడి. ఒకప్పుడు ఆ బడి చుట్టూ ఉన్న గుట్టలు కరువుతో బోడిగా ఉండేవి. చెట్లు నాటారు, నీరు ఇంకే కుంటలు తవ్వారు. 1991లో ఆ లోయను పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. డాక్టర్ ఎస్. రంగస్వామి, ఎస్. శ్రీధర్ కలిసి లోయ పక్షుల మీద పుస్తకం రాశారు. అక్కడ నమోదైన జాతులు రెండు వందలు దాటాయి, కొండ పికిలి వాటిలో ఒకటి. రిషీవ్యాలీ చేసిన పనిలో గొప్పదనం ఈ లెక్క కాదు. పిట్టలు రావాలంటే ముందు వాటి చోటు బాగుచేయాలని చేసి చూపించడమే గొప్ప.

ఇప్పుడు కొత్త అలవాటొకటి వచ్చిపడింది. ఫోన్లో పిట్ట కూతను గట్టిగా పెట్టి, అది బయటికి రాగానే ఫొటో తీసుకుని వెళ్లిపోవడం. తన హద్దులోకి పరాయి పిట్ట చొరబడిందనుకుని అది మేత మానేసి, గూడు వదిలేసి ఉరికొస్తుంది. ఫొటో బాగానే వస్తుంది. గూటిలో గుడ్లు మాత్రం దిక్కులేకుండా ఉంటాయి. ఇది పక్షి వీక్షణ కాదు, పక్షిని మోసగించడం.

అంతకంటే పెద్ద ముప్పు క్వారీలది. చిత్తూరు గ్రానైట్‌కు మంచి గిరాకీ ఉంది. రాళ్లగుట్ట అంటే పనికిరాని భూమి అన్న లెక్క రెవెన్యూ కాగితాల్లోనూ ఉంది, మన బుర్రల్లోనూ ఉంది. కొండ పికిలిని ప్రపంచ సంస్థలు ముప్పున్న జాతుల జాబితాలో చేర్చడానికి ఒక ముఖ్య కారణం ఈ రాతి తవ్వకమే. అడవి నరికితే మళ్లీ పెంచొచ్చు. బండను కోసి లారీకెత్తాక మళ్లీ తెచ్చి పెట్టేవాళ్లెవరూ లేరు.

అందుకే ఈ కాలమ్ చదివేవాళ్లకు ఒక మనవి. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. మీ ఊరి గుట్ట దగ్గర పదిహేను నిమిషాలు కూర్చుని, విన్నవీ చూసినవీ రాసి, పక్షుల లెక్కలు నమోదుచేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో పెట్టండి. ఫోన్లో కూతలు మాత్రం వినిపించకండి. కొండ పికిలి గొంతు వినబడితే, రూఢి చేసుకుని ఆ గుట్ట పేరు, తేదీ తప్పకుండా రాయండి. రేపు ఆ గుట్టను క్వారీకివ్వమని ఎవరైనా అర్జీ పెడితే, అక్కడ ఫలానా పిట్ట బతుకుతోందని చూపించడానికి పనికొచ్చేది మీరు రాసిన ఆ ఒక్క వరుసే.